పెరటి తలుపు కింది గుడ్డ

చిన్న కథ. పోసుకున్న చాయ్ చల్లారేలోపు అయిపోతుంది.

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు పోయే గల్లీల్లో ఒక పాత ఇల్లుంది. మీద ఒక పోర్షన్, కింద ఒకటి. కింది పోర్షన్‌లో వెనక గదికి మంచి పేరు లేదు. ఆ గదికి పెరట్లోకి ఒక తలుపు. తలుపు ఎదురుగా, బండ కప్పేసిన పాత బావి. గడప అరిగిపోయి, తలుపు కింద అరచెయ్యి దూరేంత సందు.

ఆ సందులో ఏం కుక్కినా తెల్లారేసరికి ఉండదు.

గుడ్డ పెట్టినా అంతే, గోనె పట్టా పెట్టినా అంతే. పొద్దున బావి బండ పక్కన పడి ఉంటుంది. ఎవరు లాగుతారో చూసినవాళ్ళు లేరు. చూశామని చెప్పేవాళ్ళకు మాత్రం మా గల్లీలో కొదవ లేదు.

ఒకసారి సురేశ్ అనే పిల్లవాడు గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి ఆ గది కిరాయికి తీసుకున్నాడు. చలికి తట్టుకోలేక, పాత ప్రశ్నపత్రాలన్నీ చుట్టి సందులో బిగించాడు. పొద్దున చూస్తే పెరడంతా కాగితాలు... ఒక్కటీ చిరగలేదు. ఆ రోజే పెట్టె సర్దుకున్నాడు. ఆ ఏడు పరీక్ష పోవడానికి దెయ్యమే కారణమని ఊళ్ళో చెప్పుకున్నాడట. అంతకుముందు పోయిన పరీక్షలకు కారణం ఏమిటో చెప్పలేదు. ఇప్పుడతను కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతున్నాడు. పరీక్షలో ఎలా గెలవాలో చెబుతాడు. పిల్లలు బాగానే వస్తారు.

సురేశ్ సంగతి వదిలేద్దాం. అసలు సంగతి ఉమాకాంత్ గారిని అడగాలి.

ఉమాకాంత్ గారు మీది పోర్షన్‌లో ఉంటారు. ఆయన ఆ ఇంట్లోకి వచ్చినప్పుడు ఆయన తలమీద జుట్టుండేది. అంత పాత మనిషి. రోజూ పొద్దున చిక్కడపల్లి లైబ్రరీకి పోతారు. చదవడానికి కాదు, ఫ్యాను కింద కూర్చోవడానికి. దెయ్యాలు లేవని అందరికీ చెబుతారు. లేవని చెప్పి, ఆ వెంటనే నర్మద కథ చెబుతారు.

నర్మద చాలా ఏళ్ళ కింద ఆ కింది పోర్షన్‌లో కిరాయికున్న ఇంటి కోడలు. తొలి కాన్పు. బిడ్డతో ఆ వెనక గదిలోనే పడుకునేది. ఒక చలికాలం తెల్లవారుజామున ఆమెనూ బిడ్డనూ దుప్పట్లో చుట్టి బయటికి మోసుకొచ్చారు. ఆమె చెయ్యి దుప్పట్లోంచి కిందికి వేలాడుతోంది. వ్యాన్‌లో పెట్టారు... వెళ్ళిపోయారు. తర్వాత ఎవరో వచ్చి సామాను తీసుకుపోయారు గానీ, ఆ కుటుంబం మళ్ళీ గల్లీ మొహం చూడలేదు.

పాము కుట్టిన గుర్తు లేదు, జబ్బు లేదు. పడుకున్నది పడుకున్నట్టే పోయింది – బిడ్డతో సహా. గల్లీ అంతా ఏడ్చిందట. ఆ నెలలో జరిగిన పెళ్ళికి బ్యాండు కూడా వద్దన్నారట.

అప్పటి నుంచే తలుపు కింద గుడ్డ నిలవదు. బిడ్డ కోసం నర్మద లోపలికి రావాలని చూస్తుందని, ఆ సందే ఆమె దారి అని ఉమాకాంత్ గారంటారు. మళ్ళీ, దెయ్యాలు లేవనీ అంటారు.

ఇక కథలోకి వస్తాను.

రెండేళ్ళ కింద జగన్మోహన్ మాస్టారు ఆ కింది పోర్షన్‌లోకి కిరాయికి వచ్చారు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరయ్యారు. చెవి మీద పెన్సిల్ లేకుండా ఎవరూ చూడలేదు. స్కేలుతో గీత గీయకుండా గోడకు మేకు కొట్టరు. భార్య విద్యావతి. కూతురు త్రివేణికి తొలి కాన్పు దగ్గరపడింది. నారాయణగూడలో వాళ్ళు చూపించుకునే ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ఈ ఇల్లు చూసుకున్నారు. ఇల్లు ఎంతో సులువుగా దొరికింది. ఎందుకంత సులువుగా దొరికిందో అడగాలని మాస్టారికి తోచలేదు. గోడలు నిటారుగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకున్నారు.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా ఇంటికొచ్చేసరికి చలి ముదిరింది.

ఇక్కడ విద్యావతి సంగతి ఒకటి చెప్పాలి. త్రివేణి కంటే ముందు ఆమెకొక మగపిల్లవాడు పుట్టాడు. చలిగాలి తగిలి, నిమ్ము చేసి, పురిటి మంచంలోనే పోయాడు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు. అందరికీ తెలుసు.

అందుకే ఆమె గాలి మీద యుద్ధం ప్రకటించింది. త్రివేణి చెవుల్లో దూది, తలకు స్కార్ఫ్, కాళ్ళకు మేజోళ్ళు. కిటికీ మూసి రెక్కల చుట్టూ టేపు. వెంటిలేటర్‌లో పేపర్లు. లోపలి తలుపుకూ, పెరటి తలుపుకూ గడియ. సాయంత్రం సాంబ్రాణి. రాత్రి మంచం పక్కన బొగ్గుల కుంపటి – ఎర్రగా, పొగ లేకుండా, ముద్దుగా కాలే బొగ్గులు. నేను బిడ్డను చూడ్డానికి ఒకసారి వెళ్ళాను. ఆ సాంబ్రాణిలో బిడ్డనే చూశానో, దిండునే చూశానో ఇప్పటికీ చెప్పలేను. బాగుందని చెప్పి వచ్చాను.

మిగిలింది పెరటి తలుపు కింది సందు.

మొదటి రాత్రి విద్యావతి తన పాత నేత చీరను తాడులా పేని, సందు పొడుగునా కుక్కింది. వేలు దూరే చోటు లేకుండా చూసుకుంది.

పొద్దున చీర లేదు.

బావి బండ పక్కన ఉంది... చుట్ట విడిపోకుండా, అట్లాగే.

పిల్లి అన్నారు మాస్టారు. పందికొక్కు అన్నారు ఉమాకాంత్ గారు. బిడ్డకు నీళ్ళు పోయడానికి వచ్చే బాలనాగమ్మ ఏమీ అనలేదు. ఆమెది మహబూబ్‌నగర్ దిక్కు. బాగ్ లింగంపల్లి దగ్గర బస్తీలో ఉంటుంది. నోరు ఊరుకోని మనిషి అలా ఊరుకునేసరికి విద్యావతి పని వదిలేసి ఆమె పక్కన కూర్చుంది.

"ఏందో చెప్పు, నాగమ్మా."

బాలనాగమ్మ బిడ్డ వీపుకు నూనె రాస్తూ, తల ఎత్తకుండా గుసగుసగా చెప్పింది.

"బాలింత వాసనకొస్తదమ్మా... జర ఆ దిక్కు తల పెట్టనియ్యకు."

మరుసటి రాత్రి గోనె పట్టా పెట్టారు. పోయింది. దాని మీద ఇటుక పెట్టారు. ఇటుక పక్కకు జరిగి ఉంది, పట్టా పోయింది. బొంతను కోసి కుట్టి, లోపల ఇసుక పోసి, పాములాగా చేసి పెట్టింది విద్యావతి. అంత బరువుదీ పొద్దున బావి దగ్గరే తేలింది.

అప్పటికి త్రివేణికి తలనొప్పి మొదలైంది. పొద్దున లేవగానే కడుపులో తిప్పేది. కాళ్ళల్లో బలం ఉండేది కాదు. బిడ్డ పాలు సరిగా తాగేది కాదు. తాగుతూ తాగుతూ మధ్యలో మత్తుగా కళ్ళు వాల్చేసేది. లేపితే లేచేది కాదు.

"తల పగిలిపోతున్నదమ్మా," అనేది త్రివేణి.

"గాలి. నేను చెప్తనే ఉన్న కదా," అనేది విద్యావతి.

డాక్టరుకు ఫోన్ చేద్దామని మాస్టారన్నారు. తన మొదటి బిడ్డ కూడా ఇట్లాగే మత్తుగా ఉన్నాడని, అప్పుడూ డాక్టరుకు చూపించామని, చూపిస్తే ఏమైందని విద్యావతి అడిగింది. మాస్టారు ఫోన్ పక్కన పెట్టేశారు. ఆమె ఆ పిల్లవాడి మాట ఎత్తడం ఆయన వినడం అదే మొదటిసారి.

ఆ రాత్రి అన్నాలు తినగానే కరెంటు పోయింది.

గదిలో కుంపటి వెలుగు తప్ప ఇంకేమీ లేదు. త్రివేణి మంచం మీద, పక్కన బిడ్డ. కింద చాప మీద విద్యావతి. మాస్టారు ముందు గదిలో. తలుపు కింద ఈసారి రెండు చీరలు కలిపి పేని పెట్టింది. ఆ రెండో చీర సుల్తాన్ బజార్‌లో ఇంకొక ఆవిడ చేతిలోంచి లాక్కుని కొన్నది. మంచి గట్టి చీర.

త్రివేణికి నిద్ర పట్టలేదు. తల బరువుగా ఉంది. కళ్ళు సగం తెరిచి తలుపు వైపు చూస్తూ పడుకుంది.

ఏదో కదిలింది...

మొదట కుంపటి నీడ అనుకుంది. కాదు. చీర చుట్ట కదులుతోంది. ఒక కొస... మెల్లగా... సందులోంచి బయటికి జారుతోంది. ఎలుక లాగినట్టు కుదుపులు కుదుపులుగా కాదు. పడుకున్న పిల్ల మీంచి దుప్పటి తీసినట్టు – నెమ్మదిగా, ఎవరూ లేవకుండా.

త్రివేణి అరవబోయింది.

"అమ్మా..."

విద్యావతి కళ్ళు తెరిచింది. చూసింది. ఇంకొకరైతే మూర్ఛపోయేవారు. విద్యావతి మోకాళ్ళ మీద పాక్కుంటూ పోయి, మిగిలిన కొసను రెండు చేతులా పట్టుకుంది.

అవతలి నుంచి లాగుతున్నారు.

ఆమె ఇవతలి నుంచి లాగింది. చీర బిగుసుకుంది. సందులోంచి చల్లటి గాలి ఆమె ముంజేతుల మీద కొడుతోంది. ఆమె పళ్ళు బిగించి, గుసగుసగా అంది –

"నా పిల్లను నీకియ్య."

అవతల లాగడం ఆగింది. ఒక్క క్షణం... చీర వదులైంది. విద్యావతి వెనక్కి పడబోయి నిలదొక్కుకుంది. ఆ నిలదొక్కుకునే లోపు చీర ఆమె చేతుల్లోంచి జర్రుమని జారిపోయింది. అరచేతులు ఒరుసుకుపోయాయి.

కరెంటు వచ్చాక మాస్టారు పెరట్లోకి పోయి చూశారు. చీరలు రెండూ బావి బండ మీద ఉన్నాయి. పెరటి గేటుకు వేసిన తాళం వేసినట్టే ఉంది.

దెయ్యమని మాస్టారు ఒప్పుకోలేదు. గుడ్డ కుక్కడం పద్ధతి కాదన్నారు. పని పద్ధతిగా చేస్తే ఎవరూ లాగలేరన్నారు. పొద్దున్నే నారాయణగూడకు పోయి, హార్డ్‌వేర్ షాపులో రబ్బరు పట్టీ, టేకు బద్ద, స్క్రూలు తెచ్చారు. ఈ చలికాలమంతా ఆ తలుపు తెరిచే పని లేదు గనక బద్దను బయటివైపు నుంచి బిగిస్తానన్నారు. తలుపుకు పెన్సిలుతో గీత గీశారు. గీతను చెరిపి మళ్ళీ గీశారు. సాయంత్రం దాకా బిగించారు. రబ్బరు గడపకు అతుక్కుని, వెంట్రుక దూరే చోటు లేకుండా పోయింది.

ఉమాకాంత్ గారు మీద బాల్కనీలోంచి చూస్తూ ఇంత పనికి వడ్రంగి తిమ్మయ్యను పిలిస్తే గంటలో చేసేవాడన్నారు. మాస్టారు ఇంకో స్క్రూ బిగించారు. బాలనాగమ్మ తలుపును చూసి, లెంపలు వేసుకుని, ఆ పొద్దు తొందరగా ఇంటికి పోయింది.

ఆ రాత్రి మొదటిసారి గదిలోకి చల్లగాలి రాలేదు.

విద్యావతి తలుపు కింద చెయ్యి పెట్టి చూసుకుని, కుంపటిలో ఇంకో రెండు పిడికిళ్ళ బొగ్గులు వేసి, గడియలు పెట్టి పడుకుంది. గడియ పెట్టేముందు ఆమె మొహంలో ఉన్నంత శాంతం పెళ్ళి ఫొటోలో కూడా లేదని మాస్టారు తర్వాత చెప్పారు.

ఇల్లంతా సద్దుమణిగింది.

ఉమాకాంత్ గారు మీద టీవీ కట్టేసి, తలుపు వేసుకోవడానికి బాల్కనీలోకి వచ్చారు. అప్పుడు వినబడింది –

కీ...చ్.

ఎండిన కట్టెలోంచి స్క్రూ తిరిగి వచ్చే చప్పుడు. ఆగింది. మళ్ళీ... కీ...చ్.

ఆయన రెయిలింగు పట్టుకుని కిందికి చూశారు. వెన్నెల బాగా ఉంది. పెరట్లో ఎవరూ లేరు. బావి బండ, బట్టల తీగ, ఒక బకెట్టు. తలుపు కింద టేకు బద్ద తెల్లగా కనబడుతోంది.

ఆ బద్ద ఒక కొస తలుపు నుంచి లేస్తోంది.

దానంతట అదే. నెమ్మదిగా.

ఉమాకాంత్ గారు లోపలికి పోయి దుప్పటి కప్పుకున్నారు. దెయ్యాలు లేవనే మనిషి చేయదగిన పని అదే. అయితే కాసేపటికి చెయ్యి ఒకటి దుప్పటి బయటికి వచ్చి మాస్టారికి ఫోన్ చేసింది.

"సారూ... మీ పట్టీ ఊడుతున్నది."

"నేను బిగించిన స్క్రూ ఊడదు."

"ఊడుతున్నది సారూ. నా కండ్లతోని చూసిన."

"ఎవరు తీస్తున్నరు?"

ఉమాకాంత్ గారు దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నారు.

"గదే సారూ... ఎవరు లేరు."

ఇంట్లో దెయ్యం పడిందంటే మాస్టారు లేచేవారు కాదు. పని సరిగా లేదన్నందుకు లేచారు. టార్చి పట్టుకుని, ఇంటి పక్కగా పెరట్లోకి పోయారు.

బద్ద ఊడి, బావి బండకు ఆనించి నిలబెట్టి ఉంది. పగల్లేదు. బండ మీద స్క్రూలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఒక్కటీ వంగలేదు.

ఆయన చాలాసేపు ఆ స్క్రూలనే చూశారట. తర్వాత వంగి తలుపు కింద చెయ్యి పెట్టారు. లోపలి నుంచి వేడిగాలి వస్తోంది. పొయ్యి మూత తీసినట్టు.

టార్చి కిందికి పట్టారు.

సందులో వేళ్ళు కనబడ్డాయి.

లోపలి వైపు, నేల మీద, తలుపును ఆనుకుని – నాలుగు వేళ్ళు. కదలడం లేదు. వేలికి ఉంగరం. ఆ ఉంగరం ఆయన పెట్టిందే.

"విద్యా..."

జవాబు లేదు.

"త్రివేణీ..."

లోపల ఏ చప్పుడూ లేదు. పసిబిడ్డ ఉన్న గదిలో ఉండవలసిన చప్పుళ్ళు ఒక్కటీ లేవు.

మాస్టారు గీత గీసుకోకుండా చేసిన పని జీవితంలో అదొక్కటే. రెండడుగులు వెనక్కి వేసి, భుజంతో తలుపును గుద్దారు. మళ్ళీ గుద్దారు. ఉమాకాంత్ గారు దుప్పటితోనే దిగి వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు. ఇద్దరూ కలిసి తోస్తే గడియ ఊడింది. తలుపు సగం తెరుచుకుని విద్యావతికి తగిలి ఆగింది.

ఆమె మంచం దగ్గర నుంచి తలుపు దాకా పాక్కుంటూ వచ్చి, సందు దగ్గర మొహం పెట్టి పడి ఉంది. మంచం మీద త్రివేణి వెల్లకిలా, నోరు తెరుచుకుని. బిడ్డ ఆమె మోచేతిలో. కుంపటి ఎర్రగా, పొగ లేకుండా, ముద్దుగా కాలుతోంది.

ముగ్గురినీ పెరట్లోకి తెచ్చారు. ఎక్కడ పడుకోబెట్టాలో తోచక బావి బండ మీద పడుకోబెట్టారు. చుట్టూ చలిగాలి కోస్తోంది. బిడ్డకు గాలి తగులుతుందని ఎవరూ అనలేదు. మాస్టారు తన పెన్సిలు పట్టే చేత్తో బిడ్డ వీపును రాస్తూ కూర్చున్నారు. ఉమాకాంత్ గారు అంబులెన్స్‌కు ఫోన్ చేసి, గల్లీ పేరు చెప్పబోయి మర్చిపోయారు. అన్నేళ్ళుగా ఉంటున్న గల్లీ.

విద్యావతి దగ్గింది. త్రివేణి కళ్ళు తెరిచి, మళ్ళీ మూసింది. బిడ్డ మాత్రం...

బిడ్డ కదల్లేదు.

అంబులెన్స్ మలుపు తిరిగే చప్పుడు వినబడుతుండగా బిడ్డ ఒక్కసారి కాళ్ళు ముడుచుకుని ఏడ్చింది. గల్లీలో లైట్లన్నీ వెలిగాయి. నేనూ అప్పుడే లేచాను. మా గల్లీలో ఎవరూ ఆ ఏడుపుకు చిరాకుపడలేదు. అంతకుముందు దీపావళి టపాసులకు పోలీసులకు ఫోన్ చేసినవాళ్ళు కూడా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అంతా విని, తల పట్టుకుంది. మూసేసిన గదిలో బొగ్గులు కాలితే వాసన లేని విషం పుడుతుందని, పీల్చినవాళ్ళకు పీలుస్తున్నట్టు తెలియదని, తలనొప్పి, వాంతులు, మత్తు అన్నీ దానివల్లేనని చెప్పింది. రోజూ కొంచెం కొంచెంగా పీలుస్తూ వచ్చారని, ఇన్నాళ్ళూ బతికి ఉన్నది ఎక్కడో ఒక సందు తెరిచి ఉండబట్టేనని అంది. ఈ రాత్రి అది ఇంకాసేపు మూసి ఉంటే తన దగ్గరికి తెచ్చే పనే ఉండేది కాదంది.

"ఎవరో టైముకు తెరిచిండ్రు. అదే మిమ్మల్ని కాపాడింది. ఎవరు తెరిచిండ్రు?"

మాస్టారు ఉమాకాంత్ గారిని చూశారు. ఉమాకాంత్ గారు గోడ మీది టీకాల పట్టిక చదవడం మొదలుపెట్టారు.

ముగ్గురూ బాగుపడ్డారు. బిడ్డ పాలు తాగడం మొదలుపెట్టింది. ఆగకుండా తాగుతోందని కొత్త ఫిర్యాదు. కుంపటిని బాలనాగమ్మ పట్టుకుపోయింది, దానిలో ఇప్పుడు తులసి మొక్క ఉంది. ఆ గది కిటికీ టేపు మాస్టారు స్వయంగా పీకేశారు. దెయ్యాన్ని నమ్మని ఆయన ఇప్పుడు గట్టిగా నమ్ముతారు. నమ్మకపోతే ఆయన బిగించిన స్క్రూలు వాటంతట అవే ఊడినట్టు ఒప్పుకోవాలి.

విద్యావతి తర్వాత ఒకనాడు కూతురితో చెప్పిందట. ఆ రాత్రి మెలకువ వచ్చేసరికి గది గిరగిరా తిరుగుతోంది. బిడ్డను ఎత్తుకుందామంటే చేతులు లేవలేదు. మాస్టారిని పిలుద్దామంటే నోరు రాలేదు. తలుపు దాకా ఎలా పాకిందో తెలియదు. అక్కడ పడిపోయాక... ఎవరో మొహం మీద ఊదారు. చల్లగా. కన్నతల్లి పిల్ల కంట్లో నలుసు ఊదినట్టు.

"నేనామెను తిట్టిననే," అంది విద్యావతి. "నా పిల్లను నీకియ్య అన్న."

అప్పుడు అందరికీ అర్థమైంది. నర్మద కూడా ఇట్లాగే పోయి ఉంటుంది – బొగ్గులు, మూసిన తలుపు. తనలాగా ఇంకొక తల్లి పోకూడదని ఇన్నేళ్ళూ గుడ్డ లాగుతోంది. గల్లీ అంతా మళ్ళీ ఏడ్చింది. ఈసారి ఉమాకాంత్ గారు కూడా.

ముత్తైదువగా పోయిన మనిషికి పేరంటాలి మర్యాద చెయ్యాలని విద్యావతి పట్టుబట్టింది. చీర, రవికె, గాజులు, పసుపుకుంకుమ ఆమె పేరు మీద ఆమె ఇంటి ఆడమనిషి చేతిలో పెట్టాలి. బిడ్డకు పేరు పెట్టుకునే ముందే పెట్టాలి. ఉమాకాంత్ గారు లైబ్రరీలో ఎవరెవరినో అడిగి, నర్మద అత్తవారి బంధువులు నల్లకుంటలో ఉన్నారని కనుక్కొచ్చారు.

ఒక సాయంత్రం పొద్దుగూకే వేళ ఆటోలో బయల్దేరారు. విద్యావతి, ఒళ్ళో పళ్ళెం. త్రివేణి, ఒళ్ళో బిడ్డ. ముందు డ్రైవరు పక్కన ఉమాకాంత్ గారు, దారి చూపించడానికి. ఇప్పుడు నేను చెబుతున్నది త్రివేణి నాకు చెప్పిందే.

చిన్న ఇల్లు. గుమ్మం ముందు చెప్పులు. లోపల కుక్కరు కూత. తలుపు కొడితే అరవై దాటిన ఒకావిడ వచ్చింది, చేతికి పిండి అంటుకుని ఉంది.

విద్యావతి దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలు చెప్పింది. ఫలానా ఇంట్లో ఉండి, చిన్న వయసులో కాలం చేసిన నర్మదమ్మ ఇంటివాళ్ళు మీరేనా అని, ఆమె పేరు మీద చీర పెట్టుకోవడానికి వచ్చామని, ఆమె దయవల్లే ఈ బిడ్డ దక్కిందని. చెబుతూ చెబుతూ ఏడ్చింది.

ఆవిడ పూర్తిగా విన్నది.

"నర్మద అంటే నేనే అమ్మా," అంది.

ఉమాకాంత్ గారు ముందు ఆమె పాదాలు చూశారు. ముందుకే తిరిగి ఉన్నాయి, హవాయి చెప్పుల్లో.

లోపల కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. చలికి కుంపటి పెట్టుకుని పడుకున్న ఆ తెల్లవారుజామున తనకూ బిడ్డకూ స్పృహ తప్పితే ఆసుపత్రికి తీసుకుపోయారట. తేరుకున్నాక పుట్టింటికి కరీంనగర్ పోయింది. భర్తకు అటే బదిలీ అయింది. బిడ్డ ఇప్పుడు స్కూల్లో టీచరు. తర్వాత ఈ ఇంటికొచ్చి ఏళ్ళవుతోంది. మా గల్లీవాళ్ళు తనను చంపేసినట్టు ఆమెకు తెలియదు. ఎవరూ వచ్చి చెప్పలేదు. వచ్చి అడిగినవాళ్ళూ లేరు.

త్రివేణి బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టింది. నర్మద బిడ్డ అరికాలు నిమురుతూ, తల ఎత్తకుండా అడిగింది.

"పెరటి తలుపు కింద గుడ్డ పెట్టిండ్రా?"

విద్యావతి తల ఊపింది.

"మాకు గూడ ఉండకపోయేది. మా ఆయన రోలు అడ్డం పెట్టిండు ఆ రాత్రి. పొద్దుగాల ఆయన చూస్తే బాయి కాడ ఉన్నది, అంత పెద్ద రోలు." ఆమె గొంతు తగ్గించింది. "మాకంటె ముందు కిరాయికున్నామె ఆ రూములనే పోయిందని, ఆమెనే తీస్తదని చెప్పేటోళ్ళు. ఇప్పుడు ఎవరి పేరు చెప్తున్నరమ్మా?"



విద్యావతి పళ్ళెం ఆమె చేతికిచ్చింది. నర్మద చీర మడత విప్పి, అంచు చూసి, బాగుందని లోపల పెట్టుకుంది.